బెల్లం ముక్క, రెండు కెమెరాలు

వానాకాలం వచ్చిందంటే నా కెమెరా సంచిలో బెల్లం వాసన మొదలవుతుంది. గాలిలో తేమ పెరిగేసరికి చిన్న సీసాలో దాచిన ముక్క చెమర్చి, మూత చుట్టూ జిగటగా దిగుతుంది. ఎంత తుడిచినా లెన్సు గుడ్డను ఆ వాసన వదలదు. అంత ఖరీదైన సామాను మధ్య చీమలను మేపుతున్నానని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. నిన్న ఒక కొత్త కెమెరా పెట్టె విప్పాను. దాని గొప్పలన్నీ ఒక చిన్న పుస్తకంలో అచ్చేసి ఇచ్చారు. నేను మాత్రం ఆ పుస్తకం పక్కన పడేసి, సీసాలోంచి బెల్లం ముక్క తీసి కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీశాను. ప్రింటు వేసి, ముక్కను దాని పక్కనే పెట్టి చూశాను. ఇరవై ఏళ్లుగా ఏ కెమెరా వచ్చినా దానికి నా దగ్గర మొదటి పరీక్ష ఇదే.

ఈ అలవాటు నాకు వరహాలమ్మ గారి వల్ల అంటుకుంది. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్లే దారిలో ఆవిడకు ఒక ఫొటో స్టూడియో ఉండేది. భర్త దగ్గర పని నేర్చుకుని, ఆయన పోయాక ఒంటిచేత్తో నడుపుకొచ్చారు. రెండు వేల ఆరు ప్రాంతంలో నేను అక్కడ పనికి చేరేనాటికి ఆవిడకు యాభై దాటాయి, నాకు ఇరవై తొమ్మిది. విశాఖపట్నంలో ఒక కలర్ ల్యాబులో ఆరేళ్లు చేసి వచ్చాను కనక, నాకు తెలియనిది లేదన్న పొగరు ఉండేది. ఆవిడ సన్నగా, పొట్టిగా, కళ్లజోడు ముక్కు చివరికి జారినా పట్టించుకోకుండా తిరిగేవారు. కుడిచేతి గోళ్లు మాత్రం గోధుమరంగులో ఉండేవి. ఏళ్ల తరబడి డార్క్‌రూములో మందునీళ్లలో ముంచిన చేతులవి. ఆ మరక సబ్బుకు పోయేది కాదు, ఆవిడా దాన్ని దాచుకునేవారు కాదు.

ఆవిడ నాన్నగారు మార్కెట్టులో బెల్లం దిమ్మలు వరసలు పేర్చేవారట. చిన్నప్పుడు ఆయన వెంట తిరిగి, దూరం నుంచి రంగు చూసి ఏ దిమ్మ ఏ ఊరి గానుగదో చెప్పేదాన్నని అనేవారు. ఆ కన్ను ఫొటోల్లోకీ వచ్చింది. పెళ్లి ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చేవాళ్లు పెళ్లిచీర కూడా వెంట తేవాలి, అది ఆ స్టూడియో నియమం. చీర బల్ల మీద పరిచి, ఫొటో దాని మీద పెట్టి, రెండూ కిటికీ వెలుగులోకి తిప్పి చూసేవారు. రంగు కలవకపోతే ఆల్బమ్ ఇచ్చేవారు కాదు, మళ్లీ ప్రింటు వేయించేవారు. మొదటి వారంలోనే నేను విసుక్కున్నాను.

"ఇంత చాదస్తం ఎందుకండీ, వాళ్లు అడగనైనా అడగలేదు," అన్నాను.

"అడగరు రవణా. ఇరవై ఏళ్లకి ఆ చీర చినిగిపోద్ది, పొటోవే మిగుల్తాది. అప్పుడు పక్కన ఎట్టి సూసుకోడానికి ఏటుంతాది? ఇప్పుడే సూడాల," అన్నారు. నా పేరు రమణ. ఆవిడ నోట ఎప్పుడూ రవణే.

ఫిల్ము పని తగ్గిపోతోంది. డిజిటల్ కెమెరా కొనక తప్పని రోజులు వచ్చాయి. విశాఖలో నాకు తెలిసిన షాపు ఒకటి పదిహేను రోజులు వాడి చూడమని కొత్త కెమెరా ఇచ్చింది. అదే సమయానికి ఎలమంచిలిలో ఒక ఫొటోగ్రాఫరు ఈ పని మానేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుంటూ, తన పాత కెమెరా చూడమని పంపాడు. రెండింటికీ లెన్సులు మార్చుకోవచ్చు కానీ, దీని లెన్సు దానికి పట్టదు. ఏదో ఒకటి ఎంచుకుంటే ఇక జన్మంతా ఆ జాతి లెన్సులే కొనుక్కుంటూ పోవాలి. ఆవిడ వాటికి విశాఖది, ఎలమంచిలిది అని పేర్లు పెట్టి, బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టారు.

"విశాఖదే మంచిదండీ," అన్నాను పెట్టె విప్పకముందే. పిక్సెళ్లు ఎక్కువ, ఫోకస్ వేగం ఎక్కువ, సెకనుకు అయిదు ఫొటోలు తీస్తుందని ఏకరువు పెట్టాను.

ఆవిడ అంతా విని, "మంచిదంటే, దేనికి?" అని అడిగారు.

మంచిది మంచిదే కదా అనుకున్నాను.

ఆ పదిహేను రోజులూ ఆవిడ ఉత్సాహం చూడాలి. మాడుగులలో ఒక పగటి ముహూర్తం పెళ్లికి రెండూ మోసుకెళ్లాం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఎలమంచిలిది తీరిగ్గా ఆలోచించుకుంటుండగానే వధూవరుల మధ్య తెర దిగిపోయింది. విశాఖది ఆ రెప్పపాటులో నాలుగు ఫొటోలు తీసింది. పైగా నేను దాని సెట్టింగు కాస్త వెచ్చగా మార్చి పెట్టాను. పసుపు రాసిన చెంపలూ, మెడలో బంగారమూ ధగధగలాడాయి. తిరుగు బస్సులో హల్వా పొట్లం ఒళ్లో పెట్టుకుని ఆవిడ కెమెరా తెరలో ఆ నాలుగు ఫొటోలూ మళ్లీ మళ్లీ చూశారు. "పెళ్లికి ఇదే, రవణా. ఒప్పుకున్నాను," అన్నారు. నేను గెలిచేశాననుకున్నాను. ఆవిడ అన్న మాటలో 'పెళ్లికి' అనే ముక్క నా చెవికి ఎక్కలేదు.

అదే వారంలో మార్కెట్టు నుంచి ఒక షావుకారు గారు కబురు చేశారు. ఒరిస్సా వైపు కొనుగోలుదారు ఒకరు రాలేకపోతున్నారట, సరుకు ఫొటోలు తీసి ఇంటర్నెట్టులో పంపితే చూసి బేరం ఖాయం చేస్తారట. మా ఊళ్లో అది కొత్త సంగతి. అప్పటిదాకా బెల్లం కొనేవాడు దిమ్మ ముందు నిలబడి, చిన్న పెచ్చు విరిచి, రంగు చూసి మాట్లాడేవాడు. మార్కెట్టులో బెల్లానికి రంగే మొహం. ఆ పని నేను విశాఖదాంతో చేసి వచ్చాను. షెడ్డులో దేవరాపల్లి రైతు సింహాద్రి సరుకు ఉంది. అతను రంగు కోసం ఏ మందూ కలపని మనిషి, అతని దిమ్మలు నల్లగా ఉంటాయి. పెళ్లి సెట్టింగు అలాగే ఉందన్న సంగతి నాకు గుర్తే లేదు. తెరమీద దిమ్మలు బంగారంలా మెరుస్తుంటే, ఫొటో ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయి పంపించేశాను.

పది రోజులకు కొనుగోలుదారు మనిషి లారీతో వచ్చాడు. సరుకు చూసి, ఫొటో చూసి, ఇది ఆ బెల్లం కాదన్నాడు. పసుపుపచ్చని సరుకు చూపించి నల్లది అంటగడుతున్నారని షెడ్డులో అందరూ వినేలా అన్నాడు. షావుకారు గారు ఫొటో పట్టుకుని తిన్నగా స్టూడియోకి వచ్చారు. ఆయన వెనకే సింహాద్రి వచ్చి, చెప్పులు విప్పి గడప బయటే నిలబడ్డాడు.

"వీడు సరుకు మార్చేడో, మీ పొటోలో తేడా ఉందో తేల్చండమ్మా. మార్చేడంటే ఇంక వీడి దిమ్మ నా కొట్టు ఎక్కదు. నేను కాదంటే మార్కెట్టులో ఇంకెవరూ తీసుకోరు," అన్నారు షావుకారు గారు.

"నానెందుకు మారుత్తాను బాబూ. పదిమంది ముందు దింపేను," అన్నాడు సింహాద్రి మెల్లగా.

వరహాలమ్మ గారు నా వైపు తిరిగారు. "ఇది దేంతో తీసేవు రవణా?"

విశాఖ కెమెరా తిరిగి ఇవ్వడానికి రెండే రోజులు గడువుంది. నిజం చెబితే ఆవిడ దాన్ని వెనక్కి పంపేస్తారని భయపడ్డాను. "ఎలమంచిలిదాంతోనండీ. పాతది కదా, రంగు తప్పినట్టుంది," అన్నాను. ఏ కెమెరాతో తీసిందీ కంప్యూటరులో ఫైలు తెరిస్తే కనబడుతుంది. ఆవిడకు అది చూడడం రాదన్న ధైర్యంతోనే అంత అబద్ధం ఆడాను. తీరా అది సింహాద్రిని కాపాడిందా అంటే అదీ లేదు. రంగు తప్పినట్టుంది అన్న మాట షావుకారు గారికి సాకులా వినిపించింది. రేపు సాయంత్రంలోగా రుజువు చూపించమని చెప్పి వెళ్లిపోయారు. సింహాద్రి నాకేసి ఒకసారి చూసి చెప్పులు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ రెండు కెమెరాలూ, నన్నూ తీసుకుని మార్కెట్టుకు నడిచారు. సింహాద్రి దిమ్మలోంచి పెచ్చు అడిగి తీసుకుని, తన అరచేతిలో పెట్టుకుని షెడ్డు అంచున నిలబడ్డారు. "దీంతో తియ్యి. ఇప్పుడు దాంతో తియ్యి. సెట్టింగులేటీ ముట్టుకోకు," అన్నారు. ఎండెక్కాక మళ్లీ తీయించారు. రేకు నీడలో ఒకసారి, గోడవారన ఒకసారి. ఆవిడ మొహంలో కోపం లేదు. ఏ వెలుగులో ఏది ఏం చేస్తుందో తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంది, అది చూస్తే నాకు మరీ సిగ్గేసింది. చెప్పెయ్యాలని మూడుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

స్టూడియోలో ఒకే ప్రింటరు మీద, ఒకే కాగితం మీద అన్నీ ప్రింటు వేశాను. ఆవిడ వాటిని రెండు వరసలుగా పేర్చి, బెల్లం పెచ్చును ఒక్కోదాని పక్కకు జరుపుతూ పోయారు. ఎలమంచిలివన్నీ నల్లగా, బెల్లం ఎలా ఉందో అలాగే ఉన్నాయి. విశాఖవన్నీ బంగారం. షావుకారు గారు ఇచ్చి వెళ్లిన ఫొటో తెచ్చి ఆ బంగారు వరస చివర పెట్టారు. అది ఆ వరసలో చక్కగా ఇమిడిపోయింది. కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూశారు.

"ఎలమంచిలిది ఏ ఎండలో పెట్టినా ఈ రంగు తీయలేకపోతన్నాది. మరి ఆ రోజెలాగ తీసిందో నువ్వు సెప్పు," అన్నారు.

"నేనే అబద్ధం చెప్పానండీ," అన్నాను. పెళ్లి సెట్టింగు మరిచిపోవడం దగ్గర్నుంచి అంతా చెప్పాను.

ఆవిడ ప్రింట్లన్నీ ఒక కట్టగా సర్దారు. "బెల్లానికి పెళ్లికూతురి సింగారం సేసేవు. అది మరుపు. మరుపుకి నానేటీ అనను. కానీ నోరు లేని కెమెరా మీద నింద ఎట్టేవు సూడు, దానివల్ల నోరున్న మనిషి దొంగయ్యేడు. పద," అన్నారు.

షెడ్డులో షావుకారు గారూ, ఒరిస్సా నుంచి వచ్చిన మనిషీ, వేలానికి వచ్చిన పదిమందీ ఉన్నారు. ఆవిడ ప్రింట్లు నా చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నారు. తప్పు నాదేననీ, సింహాద్రి సరుకు మార్చలేదనీ, నిన్న నేను చెప్పింది అబద్ధమనీ అందరి ముందూ చెప్పాను. ఆ మనిషి రెండు కెమెరాల ప్రింట్లూ దిమ్మ పక్కన పెట్టి చూసి, తల ఊపాడు. నల్ల బెల్లం తనకు అక్కర్లేదు కానీ, సరుకు మార్చారన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. షావుకారు గారు ఆ దిమ్మలను మళ్లీ తన వరసలోకే పేర్పించారు.

సింహాద్రి నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఎలమంచిలి ప్రింటు తీసుకుని ఎండకు పట్టుకుని చూశాడు. "ఇదే. మా గానుగ బెల్లం ఇదే. దీన్ని నాకిత్తావేటి బాబూ?" అని అడిగాడు. ఇచ్చాను. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఉండబట్టలేక మళ్లీ తీసి చూసుకున్నాడు.

విశాఖ కెమెరా వెనక్కి పోతుందని అనుకుంటూ మర్నాడు దాన్ని సర్దుతుంటే ఆవిడ ఆపారు.

"ఏటి సేత్తన్నావు? పెళ్లిళ్లకి అదే అని బస్సులో సెప్పేను కదా. పెళ్లికూతురు ఆ ఒక్కపూట బంగారంలాగ కనబడితే ఎవులికి నట్టం? దాని పని అది బాగానే సేసింది," అన్నారు. ఎలమంచిలిదాన్ని నా ముందుకు తోశారు. "దీన్నీ ఉంచుదాం. పెళ్లిళ్లు నాను సూసుకుంతాను. సరుకు పొటోలన్నీ ఇకనుంచి నువ్వు దీంతో తీయాల."

"నన్ను నమ్ముతారా అండీ?"

"నిన్ను పక్కన సరుకెట్టి సూత్తాను," అన్నారు, నవ్వకుండా.

నిజంగానే చూశారు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను తీసిన ప్రతి ఫొటో పక్కకూ అసలు వస్తువు వచ్చి కూర్చునేది. పసుపు కొమ్ములు, నేత చీరలు, ఇత్తడి బిందెలు. మొదట్లో అది శిక్ష అనుకున్నాను. తర్వాత తర్వాత ఆవిడ అడగకముందే నేనే తెచ్చి పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు నేను బతుకుతున్నది ఆ పని మీదే. ఫలానా కెమెరా మంచిదేనా అని ఎవరైనా అడిగితే, దేనికి అని నా నోరు దానంతట అదే అడుగుతుంది.

వరహాలమ్మ గారు పోయి తొమ్మిదేళ్లయింది. మార్కెట్టులో ఆ రోజు తీసిన ప్రింట్లలో ఒకటి నా దగ్గర ఉంది, ఎలమంచిలిదాంతో తీసినది. ఆవిడ అరచేయి, అందులో నల్లని బెల్లం పెచ్చు, వేళ్ల చివర గోధుమరంగు గోళ్లు. అదే చెయ్యి విశాఖదాని ప్రింటులో గోళ్ల మరక కనబడకుండా నున్నగా వచ్చింది, అది చించేశాను. నిన్న కొత్త కెమెరా పరీక్ష అయ్యాక ఈ ప్రింటు కూడా బయటికి తీశాను. కాగితం అంచులు పసుపెక్కాయి. రంగులు కూడా కొద్దిగా వెలిసినట్టున్నాయి. ఎంత వెలిశాయో తేల్చుకుందామని అలవాటుగా కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాను. పక్కన పెట్టి చూడడానికి ఆ చెయ్యి లేదు.