అరార్ మొక్కకు మక్కల కావలి

భూమేష్‌ది జగిత్యాల దిక్కు. పెద్దగా చదువుకున్నది లేదు, నోరు మాత్రం ఊరంత. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో సైట్ల మీద సిమెంటు ఇటుకలు మోసీ మోసీ నడుం పోగొట్టుకున్నాక కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, అతణ్ణి తన ఇంటి తోటలో పెట్టాడు. సుఖమైన పని. కానీ దానికో మెలిక ఉంది.

కఫీల్ తల్లి కొండల్లో పుట్టిన మనిషి. ముంగిట్లో అరార్ చెట్టు కావాలని పట్టుబట్టింది. అక్కడి కొండల మీద పెరిగే చెట్టే, సన్నటి ఆకులు, మంచి వాసన. నర్సరీ నుంచి మొక్క తెచ్చిన రోజే కఫీల్ తేల్చి చెప్పాడు: "ఇది ఎండిందా, నువ్వు మళ్ళీ సైటుకే."

"చెట్టన్నంక ఎండ తగలాలె" అనుకుని భూమేష్ దాన్ని ముంగిలి నట్టనడుమ నాటాడు. వరిమడికి పెట్టినట్టు నీళ్ళు పెట్టాడు. కొద్దిరోజులకే కొసలు మాడిపోయాయి.

వంటపని చేసే మహబూబ్బీది రాయచోటి. కిటికీలోంచే అందుకుంది. "ఏమబ్బీ, మొక్క నాటినావా, వడియాలు ఎండబెట్టినావా?"

"నవ్వకక్కా, నా నడుం మీదికొచ్చింది."

"నాకేం తెలుసు? ఆ ముసలామెను అడుగుపో. ఆయమ్మ ఆ చెట్ల కిందనే కదా గొర్రెలు కాసింది."

అడిగాడు. ముసలామె చేతికర్రతో మొక్కను చూపిస్తూ, అతనికి అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. "పసిది కదా! కొండ మీద ఇవి పెద్ద చెట్ల నీడలోనే మొలుస్తాయి. ఎదిగాకే ఎండకు ఓర్చుకుంటాయి. నీళ్ళు కూడా అంతగా పట్టవు."

భూమేష్ నెత్తి కొట్టుకున్నాడు. ఊళ్ళో వాళ్ళ నాయిన పసుపుచేనులో మక్కజొన్న ఎందుకు వేస్తాడు? పసుపుకు నీడ కోసమే గదా! అన్నీ తెలిసి ఇక్కడికొచ్చి ఇదేం పని?

ఇప్పుడు పీకి వేరేచోట నాటితే మొక్క చస్తుంది. అందుకని నీడనే దాని దగ్గరికి తెచ్చాడు. మహబూబ్బీ ఇచ్చిన పాత దుప్పటిని కర్రలకు కట్టి, చుట్టూ మక్కలు విత్తాడు. మొక్కకు నీళ్ళు తగ్గించాడు. మక్కలు ఏపుగా లేచాక దుప్పటి తీసేశాడు.

ఎక్కడో దూరాన తబూక్‌లో పని పడి కఫీల్ చాన్నాళ్ళు ఇంటికి రాలేదు. వచ్చి కారు దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు.

"చెట్టు పెట్టమంటే పొలం పెట్టావేంరా! అరార్ ఏది?"

భూమేష్ పరుగున వచ్చాడు. మక్క ఆకులు పక్కకు తీశాడు. లోపల చల్లటి నీడలో అరార్ కొత్త చిగురు వేసింది. కేక విని బయటికొచ్చిన ముసలామె వంగి చిగురు నిమిరి, వేళ్ళు వాసన చూసుకుంది.

"వీణ్ణి ఎక్కడికీ పంపకు" అంది కొడుకుతో.

ఆ సాయంత్రం కంకులు కాల్చుకున్నారు. రెండోది అందుకుంటూ కఫీల్ అన్నాడు: "చెట్టు ఎదిగాక మాత్రం ఈ మక్కలు ఉండొద్దు."

"ముందు ఎదగనియ్యి సార్, తొందరేముంది?" అన్నాడు భూమేష్, ఇంకోటి నిప్పుల మీద పెడుతూ.

"వడియాలు బతికినాయబ్బీ!" కిటికీలోంచి కేకేసింది మహబూబ్బీ. "నాకూ ఒక కంకి పంపు."