గొర్రుకు కాపలా

మా చేను సోలార్ పలకల కిందికి పోయినాక, విత్తే పని లేని ఆ ఏడాది మా ఊరు తిరుమణి నుంచి బెంగళూరులో ఉండే మా చెల్లెలింటికి పోయినాను. ఆడ ఫుట్‌పాత్ మీద పసుప్పచ్చ పాదాలు గీసినారు. వాటి వెంబడి నడిస్తే రోడ్లలో పెట్టిన శిల్పాలన్నీ చూడొచ్చని చెల్లెలు పిల్చుకొనిపోయింది.

ఇనుప గుర్రం, రాతి చేప చూసినాము. తర్వాతది చూసి నిలబడిపోయినాను. శెనక్కాయ విత్తే కొయ్య గొర్రు, నిజమైనదే. నూనె పూసి దిమ్మె మీద నిలబెట్టినారు. గొర్రుకాడికి చెప్పులతో పోయే అలవాటు మాకు లేదు. చెప్పులు విడిచి, గొర్రును ముట్టి కండ్లకు అద్దుకున్నాను.

ఈల మోగింది. అందరూ నా పక్కే చూసినారు. ఇద్దరు నన్ను ఫోటో తీసుకున్నారు. సెక్యూరిటీ ఆయన కన్నడంలో అరుస్తా వచ్చినాడు.

"గొర్రుకు మొక్కుకుంటినప్పా," అన్నాను తెలుగులో.

ఆయన గొంతు తగ్గింది. "తెలుసక్కా. మాది బలసముద్రం. మా చేను గూడా పలకల కిందే ఉండాది."

"నువ్వెప్పుడూ దీన్ని ముట్టలేదా?"

"పనిలో చేరిన దినమే ముట్టినా. తిట్లు తిన్నా."

చెప్పులేసుకొని వచ్చేసినాను. మా గొర్రును మా ఆయన పొయ్యిలోకి చీల్చిన దినం, ముట్టొద్దని చెప్పేదానికి ఒక్కరూ రాలేదు.