టికాల్ గుడికి పెట్టిన దండం

తొంభైల్లో నేను దోహాలో మన తెలుగు ఇంజనీరుగారొకరి దగ్గర డ్రైవరుని. ఇల్లు ఊళ్ళోనే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో, అయ్యగారి డ్యూటీ దూరంగా మెసయీద్ ఫ్యాక్టరీల్లో. వాళ్ళ పాపకి పదేళ్ళు. నత్తి. అమ్మగారు "నెమ్మదిగా చెప్పు" అన్నకొద్దీ ఆ పిల్లకి మాట గొంతులో ఇరుక్కుపోయేది. కారెక్కితే మాత్రం గలగలా మాట్లాడేది. నేను రోడ్డే తప్ప దాని మొహం చూడను కదా, అందుకేమో.

ఆ ఏడు బళ్ళో ప్రదర్శన పెట్టారు. పాప వంతుకి టికాల్ చరిత్ర వచ్చింది. మధ్య అమెరికా అడవుల్లో మాయా జాతివాళ్ళు కట్టిన పాత నగరమట. అట్టలతో దాని మెట్ల గుడి చేసి, పక్కన నిలబడి అందరి ముందూ చెప్పాలి. రోజూ దారిలో నాకు అప్పజెప్పేది. అక్కడ ఏరు లేదట, వాన నీళ్ళు చెరువుల్లో పట్టుకుని అంతమందీ బతికారట. రాజులు పంతాలకి పోయి పొరుగువాళ్ళతో యుద్ధాలు చేశారట, ఆకాశమంత గుళ్ళు కట్టారట. ఆఖరికి వానలు మొహం చాటేస్తే జనం ఊరొదిలి పోయారట, అడవి గుళ్ళని కప్పేసిందట.

"ఏరు లేని చోట అంత ఊరేంటమ్మా, బుద్ధుండక్కర్లా?" అన్నాను.

"మరి దోహాలో ఏరుందా బాబాయ్?"



ప్రదర్శన రోజున అయ్యగారికి సెలవు దొరకలేదు, అమ్మగారికి జ్వరం. "యల్లా, పద బాబాయ్, నువ్వు రా. నువ్వుంటే చెప్పేస్తాను" అని పాప నన్ను హాల్లోకి లాక్కెళ్ళి ఎదురుగా నిలబెట్టింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

టీచరు పేరు పిలిచింది. పాప మొహంలో నెత్తుటి చుక్క లేదు. కళ్ళెదుట గుడి ఉంది. అట్టదైతేనేం, ఎవరి దేవుడిదైతేనేం, గుడి గుడే. గబుక్కున చెప్పులు విడిచి, చేతులు జోడించి, లెంపలేసుకున్నాను.

పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు హాలంతా పాకింది.

"మీ నాన్నగారా?" టీచరు పాపని అడిగింది.

"డ్... డ్... డ్రైవర్."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆ పిల్ల నోటంట ఇంకో ముక్క రాలేదు. కార్లో అంత చక్కగా చెప్పిన చరిత్రలో ఒక్క మాటా బయటికి రాలేదు. టీచరు భుజం తట్టి కూర్చోబెట్టింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చేశాను. ఛీ, ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

తిరిగొచ్చేటప్పుడు సిగ్నలు దగ్గర ఆగాక పాప అడిగింది.

"బాబాయ్, ఆ గుడికి దండం పెట్టి ఏం కోరుకున్నావు?"

ఏదో ఒక అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"నువ్వు తడబడకుండా చెప్పాలని తల్లీ."