షెడ్డులో లేతు, స్టార్టరు దగ్గర నాన్న

ఆ ఉదయం షెడ్డులో ఉన్నవి ముందు చెబుతాను. సిమెంటు దిమ్మ మీద బిగించిన, కొయ్యని తిప్పి చెక్కే పాత లేతు. దాని కింద మోటారు, రెంటినీ కలుపుతూ బెల్టు. వెనక గోడకి స్టార్టరు, ఆకుపచ్చ బటన్ పైన, ఎర్ర బటన్ కింద. ఆ గోడ పొడవునా, ఇంకా మార్కెట్ యార్డుకి తోలని ఎండు మిరపకాయల టిక్కీలు, అంటే కుక్కి కుట్టిన గోతాలు, రెండు వరసలు. లేతుకి బిగించిన వేప దుంగ, చిన్న గుమ్మడికాయంత. ఇక మనుషులు. ఉలి పట్టుకుని నేను. లేతు అమ్మడానికి పొదిలి నుంచి వచ్చిన మేస్త్రి గారు. గుమ్మంలో నీళ్ల చెంబుతో అమ్మ. స్టార్టరు దగ్గర నాన్న. బయట మేస్త్రి గారి వ్యాను, వెనక తలుపు తెరిచే ఉంది. లేతుని తిరిగి ఎక్కించాల్సి వస్తే మళ్లీ తిప్పుకునే పని లేకుండా ఆయన దాన్ని షెడ్డు వైపే వెనక్కి పెట్టారు.

తిరిగి ఎక్కించడం అనే మాట నాన్న పెట్టిన షరతు వల్ల వచ్చింది. లేతు తన కళ్ల ముందు తిరగాలి. నేను ఒక వస్తువు మొదలుపెట్టి పూర్తి చేయాలి. ఈలోగా ఎవరికి ఎక్కడ గీత పడినా అది వచ్చిన బండిలోనే వెళ్లిపోతుంది. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

షరతు వెనక నాన్న కుడిచెయ్యి ఉంది. ఆ షెడ్డు ఒకప్పుడు కారం మిల్లు. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న అందులో కారం మిషన్ పెట్టాడు. త్రీ ఫేజ్ కరెంటు సర్వీసు తీసుకున్నాడు, దిమ్మ కట్టించాడు. రెండో ఏడు, మిషన్ తిరుగుతుండగానే జారిన బెల్టుని చేత్తో పుల్లీ మీదకి నెట్టబోయాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు పోయాయి. మిషన్ అమ్మేశాడు. సర్వీసు మాత్రం తీయించలేదు, బిల్లు కడుతూనే వచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. స్టార్టరుకి గోనెపట్టా కప్పి తాడు కట్టాడు. అన్నేళ్లకి ఆ తాడు విప్పింది నా లేతు కోసమే. విప్పింది కూడా తనే.

నేను చదివింది డిప్లొమా మెకానికల్. పని చేసేది గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో, మెయింటెనెన్స్ విభాగంలో. అక్కడ ఇనుము కోసే లేతు మీద నా చెయ్యి బాగానే తిరుగుతుంది. అయితే ఇనుము లేతులో పనిముట్టుని మిషనే పట్టుకుంటుంది. ఫోన్‌లో ఒకసారి ఎవరో కొయ్య గిన్నె చేస్తున్న వీడియో చూశాను. ఉలి మనిషి చేతిలో ఉంది. కొయ్య రిబ్బన్‌లా లేచి అతని భుజం మీదుగా పోతోంది. ఆ వారం భోజనాల వేళ మిల్లు లేతుకే ఒక వేప ముక్క బిగించి చూశాను. నూనెలో పొట్టు పడిందని సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడు. అప్పటి నుంచి సొంత లేతు కోసం వెతకడం మొదలుపెట్టాను.

పొదిలిలో మేస్త్రి గారు దొరికారు. వాళ్లది మంచం కోళ్లు తీసే ఇల్లు. ఆయన తండ్రి కాలంలో తాడు లాగి తిప్పేవారట, దాన్ని తరిమెన అనేవారు. ఇప్పుడు అందరూ ఇనుప మంచాలు కొంటున్నారు. కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. మేస్త్రి గారు లేతు అమ్మేసి ఆ షాపులోనే కౌంటర్ దగ్గర కూర్చుంటానన్నారు. నేను నాలుగైదు ఆదివారాలు వెళ్లి ఆయన దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాను. ఉలి కొయ్యని గీరుతూ పోవాలి, కరుచుకోకూడదు. కరుచుకుంటే చేతిలోంచి లాక్కుంటుంది. మొదటి ఆదివారం నా చేతిలోంచి మూడుసార్లు లాక్కుంది. ఇంట్లో చెప్పలేదు.

ముందు రోజు సాయంత్రం లేతుని దిమ్మ మీద బిగించాం. దుంగ లేకుండా ఖాళీగా తిప్పి చూశాం. సరిగ్గానే తిరిగింది. మేస్త్రి గారు నల్లపాడులో వాళ్ల బంధువుల ఇంటికి వెళ్లి పడుకున్నారు. రాత్రి గాలికి లైను తెగింది. పొద్దున నేను షెడ్డుకి వస్తుంటే లైన్‌మన్ స్తంభం ఎక్కి వైర్లు కలుపుతున్నాడు. ఆ సంగతి చూశాను, పలకరించాను కూడా.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. స్టార్టరు పక్కన పెట్టిన చిన్న బల్బు వెలిగింది. అమ్మ ఒకసారి దాన్నీ, ఒకసారి నాన్న చేతినీ చూసింది.

దుంగ ఎలా బిగిస్తారో ఇక్కడ చెప్పాలి. లేతులో తిరిగే ఇరుసు చివర మరలు ఉంటాయి. దుంగకి వెనక ఒక గుండ్రటి ఇనుప పళ్లెం స్క్రూలతో బిగించి, ఆ పళ్లేన్ని ఇరుసు మరల మీద తిప్పి ఎక్కిస్తారు. లేతు సరైన వైపు తిరిగినంతసేపూ ఆ పళ్లెం ఇంకా బిగుస్తుందే తప్ప వదలదు. దుంగకి ఎదురుగా, అవతలి కొస నుంచి ఆనించే ఇనుప మొన ఒకటి ఉంటుంది. అది ఆనించి ఉంటే దుంగ ఎటూ పోదు. ఆ మొనని మేస్త్రి గారు వెనక్కి లాగేశారు. నాన్నకి దుంగ తిరగడం అడ్డం లేకుండా కనిపించాలని ఆయన ఉద్దేశం. కొనేది నేనే అయినా ఒప్పించాల్సింది నాన్ననని ఆయనకి తెలుసు.

బటన్ ఎవరు నొక్కాలన్న దానికి చర్చ లేదు. నాన్నే నొక్కుతానన్నాడు. నొక్కడానికీ ఆపడానికీ తన చెయ్యే ఉండాలి, నా చెయ్యి ఉలి మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు అన్నాడు. కుడిచెయ్యి స్టార్టరు మీదకి తీసుకెళ్లాడు. మిగిలిన మూడు వేళ్లలో చూపుడు వేలు ఆకుపచ్చ బటన్ మీద పెట్టి అలాగే ఉంచాడు. నొక్కలేదు. నేను ఆయన ముఖం చూడకుండా దుంగ వైపు చూశాను.

అప్పుడే పక్క చేలోంచి కేక వినిపించింది. ఆ చేను నాన్న స్నేహితుడిది, చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే మనిషి.

"ఒరేయ్, మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు పడట్లేదురా."

నాన్న బటన్ మీద నుంచి వేలు తీయకుండానే గుమ్మం వైపు తల తిప్పి జవాబిచ్చాడు. "ఫేజు తిరగబడి ఉంటదిరా. పొద్దున లైను కలిపారుగా. రెండు వైర్లు అటూ ఇటూ మార్చుకో."

మా వైపు ఇది కొత్త విషయం కాదు. లైను తెగి మళ్లీ కలిపినప్పుడల్లా వైర్లు తారుమారై మోటార్లు వెనక్కి తిరుగుతాయి. వేసి చూస్తారు. నీళ్లు పడకపోతే ఆపి, రెండు వైర్లు మార్చి, మళ్లీ వేస్తారు. పిల్లలకి కూడా తెలుసు. వేసి చూడటం వల్ల బోరుకి ఏ నష్టమూ లేదు. అందుకే వేసి చూడటం అందరి చేతికీ అలవాటైపోయింది.

నాకు స్తంభం మీద లైన్‌మన్ గుర్తొచ్చాడు. ఆ వెంటనే మరలు గుర్తొచ్చాయి. ఇరుసు వెనక్కి తిరిగితే, బరువైన దుంగ కదలడానికి మొరాయిస్తుంది, పళ్లెం మరల మీద నుంచి ఊడి వస్తుంది. ఆనించే మొన వెనక్కి లాగి ఉంది.

"నాన్నా, ఆగు. మనది కూడా తిరగబడి ఉంటుంది."

"ఏసి చూస్తే తెలిసిద్దిగా," అని నాన్న నొక్కాడు.

పూర్తి వేగం అందుకునే లోపే పళ్లెం ఊడింది. దుంగ లేతు బల్ల మీద పడి, అక్కడి నుంచి నేల మీదకి దూకింది. సరైన వైపు తిరుగుతున్న దుంగ ఊడితే తిప్పేవాడి మీదకి, అంటే నా మీదకి రావాలి. ఇది తిరగబడి తిరుగుతోంది కాబట్టి నాకు దూరంగా, వెనక గోడ వైపు దొర్లింది. వెనక గోడ దగ్గర నాన్న ఉన్నాడు.

ఆయన పక్కకి దూకలేదు. ఎర్ర బటన్ వెతుకుతున్నాడు. అదొక్కటే నాకు స్పష్టంగా కనిపించింది. తర్వాత దుంగ టిక్కీల వరసని తాకింది. పళ్లెం అంచు ఒక గోతాన్ని కోసేసింది. ఎండు మిరపకాయలు నేలంతా కుప్పగా జారాయి, వాటి వెనకే కోరు, ముక్కుకీ కళ్లకీ ఎక్కే కారం ఘాటు, లేచింది.

ఇక ఎవరికీ ఏమీ కనిపించలేదు. కళ్లు మూసుకుపోయాయి. గొంతులో ఊపిరి దిగడం లేదు. మేస్త్రి గారు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. మోటారు ఇంకా తిరుగుతోందో ఆగిందో నా దగ్గులో నాకు తెలియలేదు. నేను గోడ పట్టుకుని స్టార్టరు వైపు నడిచాను. కన్ను ఒక్క క్షణం తెరిస్తే నాన్న కాళ్ల దగ్గరంతా ఎర్రగా ఉంది. మిరపకాయలని తెలుసు. అయినా వాటి మధ్యలో ఇంకో ఎరుపు ఉందేమోనని మళ్లీ తెరిచాను. మళ్లీ మూసుకుపోయింది.

నాన్న గొంతు వినిపించలేదు. దగ్గు కూడా వినిపించలేదు.

చెయ్యి చాపితే ఆయన చొక్కా తగిలింది. పట్టుకుని బయటికి లాగాను. ఇద్దరం వ్యాను దగ్గరికి వచ్చి పడ్డాం. అమ్మ చెంబు ఎత్తి ముందు ఆయన ముఖం మీద, మిగిలింది నా ముఖం మీద పోసింది. అప్పుడు నాన్న దగ్గాడు. ఊపిరి బిగబట్టుకున్నాడట. మిల్లు నడిపిన రోజుల్లో కోరు లేస్తే అలాగే చేసేవాడట. మోటారు ఆగే ఉంది. ఎర్ర బటన్ నొక్కేదాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు.

అమ్మ ఆయన చేతులు రెండూ లాగి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నావి.

మేస్త్రి గారు చాలా అన్నారు. తప్పు మిషన్‌ది కాదని, ముప్పై ఏళ్లలో తన ఇంట్లో ఇలా ఎప్పుడూ కాలేదని, కోళ్లు తీసేటప్పుడు రెండు వైపులా మొన ఆనించే ఉంటుందని, గిన్నెలు చేస్తానన్నది నేనేనని. చివరికి, ఇష్టం లేకపోతే తానే ఎక్కించుకుపోతానని అంటూ బోల్టులు విప్పే పానా చేతిలోకి తీసుకున్నారు.

నాన్న కళ్లు తుడుచుకుని నన్ను అడిగాడు. "గీత పడిందా నీకు?"

"లేదు."

"మేస్త్రీ, నీకు?"

"లేదన్నా. కళ్లే మండుతున్నాయి."

"కళ్ల సంగతి షరతులో లేదు." ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. "ఏం చేస్తే అది మళ్లీ ఊడదు? తెలిస్తేనే చెప్పు. అనుకుంటున్నా అనొద్దు."

చెప్పాను. స్టార్టరు వేసే ముందు ప్రతిసారీ బెల్టు తీసేయాలి. మోటారు ఒక్కదాన్నే వేసి పుల్లీ ఎటు తిరుగుతోందో చూడాలి. సరిగ్గా ఉంటేనే ఆపి, బెల్టు వేయాలి. ఆనించే మొన దుంగ గుండ్రంగా వచ్చేదాకా తీయకూడదు. పుల్లీ వైపు ఎవరూ నిలబడకూడదు. బెల్టు అనే మాట దగ్గర నాన్న కనురెప్పలు కదిలాయి. ఆగిన బెల్టుని తీయడమే కదా అని ఆయనే అన్నాడు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. సుద్దముక్క తెచ్చి స్టార్టరు పక్కన గోడ మీద రాయమన్నాడు. రాశాను.

కోరు సద్దుమణిగాక లోపలికి వెళ్లాం. అమ్మ అందరి ముక్కులకీ తడిగుడ్డలు కట్టింది. కోసుకుపోయిన గోతాన్ని దబ్బనంతో కుట్టింది. నేను బెల్టు తీశాను. నాన్న మళ్లీ అదే వేలితో నొక్కాడు. పుల్లీ వెనక్కి తిరిగింది. ఆపాడు. ఫ్యూజులు లాగి రెండు వైర్లు మార్చాం. మళ్లీ నొక్కాడు. ఈసారి సరిగ్గా తిరిగింది. ఆపాక బెల్టు వేశాను. ఆ కాసేపూ నాన్న రెండో చేత్తో ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాడు.

పళ్లేన్ని మళ్లీ మరల మీద ఎక్కించి, మొన ఆనించాక నాన్న నొక్కాడు. దుంగ తిరగడం మొదలైంది. మొదటి పోటుకే ఉలి కరుచుకోబోయింది. మోచెయ్యి ఒంటికి ఆనించి వెనక్కి తీసుకున్నాను. మేస్త్రి గారు ఏదో చెప్పబోతే నాన్న చెయ్యి ఎత్తి ఆపాడు. పొట్టు లేవడం మొదలుపెట్టింది, ముందు పొడిగా, తర్వాత చుట్టలుగా. పొట్టులోనూ కారం ఉంది, దుంగ మిరపకాయల్లో దొర్లింది మరి. తుమ్ము వచ్చినప్పుడల్లా ఉలి ముందు వెనక్కి తీసి, ఆ తర్వాతే తుమ్మాను. నాన్న స్టార్టరు దగ్గరి నుంచి నీళ్లకి కూడా కదల్లేదు. కన్ను నా చేతుల మీద ఉంది.

మధ్యాహ్నం కరెంటు పోయే వేళకి గిన్నె పూర్తయింది. ఒక పక్క గోడ మందం, ఇంకో పక్క పలచన. అడుగున ఉలి జారిన గాడి ఒకటి ఉంది. మేస్త్రి గారు వేలితో అంచు చుట్టూ తడిమి, పర్లేదు బాబూ అన్నారు. వ్యాను తలుపు మూయడానికి వెళ్లబోయారు.

నాన్న ఆగమన్నాడు. అందరినీ చేతులు చాపమన్నాడు. మేస్త్రి గారు నవ్వబోయి, నాన్న ముఖం చూసి, పానా కింద పెట్టి చాపారు. అమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుని చాపింది. నేను చాపాను. నాన్న ఒక్కొక్కరి వేళ్లూ తాకుతూ పైకే లెక్కపెట్టాడు, చివర తనవి కూడా. పొద్దున షెడ్డులోకి వచ్చినన్ని ఉన్నాయి. ముప్పై ఎనిమిది.