అట్ట తీసేసిన మాత్రలు

నాకు సదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు, అదీ వంకరగా. అందుకే ఇది నోటితో సెప్తన్నాను.

మా ఇంటాయన ఫిషింగ్ హార్బర్‌లో పెద్ద బోటు మీద కలాసీ. బోటెక్కితే పది పదిహేను రోజులు సముద్రమ్మీదే. ఎక్కే ముందు రోజు ఉప్పూ కారం, బీడీలు, మాత్రలు అన్నీ నానే సర్దేదాన్ని. మాత్రలు రెండు రకాలే. వలలు లాగి లాగి ఒళ్ళు పచ్చి పుండైపోతాది, దానికి నొప్పి మాత్రలు. టైముకి తిండుండదు, దానికి గేసు మాత్రలు.

మెడికల్ షాపాయన మంచోడు. "పేరు మోసిన కంపెనీదైనా ఇదైనా లోన మందొకటేనమ్మా. రేటు సగం. ఇదట్టుకెళ్ళు" అనీవోడు. అట్టుకొచ్చీదాన్ని. బాగానే పనిసేసీవి.

ఇంటికొచ్చి అట్టలు సింపి, మాత్రలన్నీ ఒలిసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసీదాన్ని. మా పేటలో ఆడోళ్ళందరం అదే సేసీవోళ్ళం. ఉప్పునీళ్ళకి అట్టలు పాడైపోతాయని ఒకటి, సేప జిగురు సేతుల్తో మగోళ్ళు ఒలుసుకోలేరని ఒకటి. ఆయన డబ్బా ఊపి నవ్వీవోడు.

"ఏటే, ఇవి మాత్రలా, పుట్నాల పప్పా?"

"పప్పనుకుని నమిలెయ్యకు మావా."

గేసు మాత్ర ఎప్పుడూ గులాబీ రంగుది. ఆ ఆఖరిసారి షాపులో అది లేక, వేరే కంపెనీది తెల్లదిచ్చేడు. నొప్పి మాత్రా తెల్లదే. "రెండూ ఒకలాగే ఉన్నాయి, అట్ట మీద పేరు సూసుకోండమ్మా" అని మరీ సెప్పేడు. సదవడం రానిదానికి పేరుతో ఏటి పని అనుకున్నాను. ఒలిసి రెండూ కలిపి పోసీసేను. ఈసారి గేసుదీ తెల్లదేనని ఆయనకి సెప్పేను.

బోటు మీద ఆయనకి కడుపులో మంటెత్తింది. గేసనుకుని డబ్బాలో మాత్రేసుకున్నాడంట. తగ్గక ఇంకోటి. అలా మూడు రోజులు. నల్లగా కక్కుతుంటే బోటు నడిపే సరంగు ఒడ్డుకి తిప్పేసేడు. ఒడ్డుకి రావడానికే రెండు రోజులు పట్టింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఏం మాత్రలేసుకున్నాడని అడిగింది. డబ్బా ఇచ్చేను. అరసేతిలో పోసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో ఏది దేనికమ్మా? అట్టలేవీ?"

సెత్తలో పారేసేనని సెప్పేను. మర్నాడు పొద్దున్న ఆయన పోయేడు.

శవం దగ్గరే మా ఆడబిడ్డ అంది, "సవక మందులు కొని మా అన్నని మింగీసినావ్ గదే." సానా కాలం నానూ అలాగే అనుకున్నాను, ఖరీదైనవి కొనుంటే బతికీవోడని. ఒకరోజు ఆ షాపాయన్నే అడిగీసేను. కూకోబెట్టి సెప్పేడు. "మందులో తేడా లేదమ్మా. గేసు మాత్రనుకుని నొప్పి మాత్రలేసుకున్నాడు, అవే కడుపుని పుండు సేసీసేయి. ఏ మందు, ఎన్నెయ్యాలి, ఎప్పటిదాకా వాడాలి, అన్నీ అట్ట మీదే ఉంటాయి. మీరు డబ్బిచ్చింది దానిక్కూడా."

అంటే సవగ్గా దొరికిన మంచి సొత్తులో సగం నానే పారేసుకున్నాను.

ఇప్పుడు మా అల్లుడు వేటకెళ్తన్నాడు. అట్టలు ఒలవను. షాపులోనే ఏది దేనికో అడిగి, నొప్పి అట్టకి నీలం వల నూలు, గేసు అట్టకి ఆకుపచ్చ నూలు కట్టి, ప్లాస్టిక్ సంచిలో బిగిస్తాను.

"మాత్రలకి కూడా వల అల్లీసినావా అత్తా" అని ఎకసెక్కాలాడతాడు. ఆడనీ.

ఆ రోజు డబ్బాలో మాత్రలు పోసినప్పుడు కూడా నాను వల బాగుసేస్తానే ఉన్నాను. నీలం నూలూ, ఆకుపచ్చ నూలూ రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి.