ఉద్దానంలో ఒక గుక్క నీళ్ళు, ఒక తగువు

పోయిన వానాకాలంలో నాకు మూత్రనాళంలో రాయి అడ్డంపడి ఒక పగలూ రాత్రీ మూత్రం ఆగిపోయింది. మా విజయనగరంలోనే ఆసుపత్రిలో చేర్చి గొట్టం వేశారు. అడ్డం తొలగిన క్షణంలో కలిగిన సుఖం నాకు పెళ్ళి పీటల మీద కూడా కలగలేదు. ఇంటికొచ్చి కోలుకుంటుంటే, మా కాలేజీలో చరిత్ర చెప్పే స్నేహితురాలు యూదుల అలవాట్ల గురించి చెప్పింది. రొట్టె తినేముందు, నీళ్ళు తాగేముందు, ఉరుము విన్నప్పుడు, సముద్రం కనిపించినప్పుడు దేవుడికి చెప్పుకోవడానికి వాళ్ళకి ఒక్కో మాట ఉందట. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి చేతులు కడుక్కున్నాక కూడా ఒకటుందట! తెరుచుకోవలసినవి తెరిచి, మూసుకోవలసినవి మూసి నన్ను నిలబెట్టావు, నీకు దండం అని దాని సారాంశం. ఆ రోజునుంచీ నేనూ చెప్పుకుంటున్నాను, తెలుగులో, పైకి.

మా అత్తయ్య విని ముక్కు మీద వేలేసుకుంది. "మరుగుదొడ్డి కాడ దేవుడి మాటేటే? మైల కాదేటి?" అంది. "గొట్టం వేసినప్పుడు మీరంతా దేవుణ్ణి పిలిచారు కదా అత్తయ్యా. అక్కడికి రాగలిగినవాడు ఇక్కడికి రాలేడా?" అన్నాను. నేను యూదురాలిని కాను, కాబోను. కానీ మంచి మాట ఎక్కడ దొరికినా తెచ్చుకుంటాను. దానికి ఎవరి అనుమతీ అడగను.

ఈ గొడవ సోంపేట దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ చెవిన పడింది. ఉద్దానంలో చాలామందిలాగే ఆవిడకీ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, రోజుకి తాగే నీళ్ళు కూడా ఒక సీసాలో కొలిచిపెట్టినవే. ఫోన్ చేసి, "నీకు ఆగింది మల్లీ వొచ్చినాదటగా. ఆ మంత్రమేటో నాకూ సెప్పు, రా" అంది. సరేనన్నాను గానీ ఫోన్ పెట్టేశాకే తట్టింది. చుక్క మూత్రం రాని మనిషి ముందు ఆ మాట ఎలా అనడం?

పొద్దున్న ఏడు దాటాక విజయనగరంలో బరంపురం వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు వంద లోపే. ఆమదాలవలసలో సగం బండి దిగింది, అంతకన్నా ఎక్కువమంది ఎక్కారు. పలాస దాటాక కొబ్బరితోటలు మొదలయ్యాయి. అంత పచ్చటి చోట అంత జబ్బు ఎందుకుందో ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారు. మధ్యాహ్నం కాకముందే సోంపేటలో దిగి, ఒంట్లో బాగాలేని పెద్దమ్మని చూడాలని చెప్పి ఆటో మాట్లాడుకున్నాను. "ఆసుపత్రికా, ఇంటికా?" అనడిగాడు డ్రైవరు. ఇంటికే అన్నాను. "అయితే ఇయ్యాల డయాలసిస్ మిషను లేని రోజన్నమాట. మంచి రోజే వొచ్చినారు. మా నాయన్నీ పోయీదాకా నానే తిప్పీవోణ్ణి" అని బండి తీశాడు.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. చెయ్యి మీద డయాలసిస్ సూదుల గుర్తులు ఉబ్బెత్తుగా ఉన్నాయి. మంచినీళ్ళు ఇస్తూనే, "ఏదీ, సెప్పు" అంది. ఆవిడ కోడలు, అంటే మా వదిన, గుమ్మంలోంచి వద్దన్నట్టు తల ఊపింది. అబద్ధం ఆడలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

పెద్దమ్మ చేతిలో రెమ్మ ఆగిపోయింది. "మరి నానేటి సెప్పాల? తెరవాల్సింది మూసీసినోడా, నీకు దండం అనా?"

నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను.

"పక్కింటోళ్ళు ఏ జన్మలో పాపమో అంతన్నారు. నాను ఒప్పుకోను. ఈ వూల్లో ఇంతమందీ పాపం సేసినారేటి? నీ యూదులు దేవుడి మీద తగువాడరేటి?"

"ఆడతారు పెద్దమ్మా" అన్నాను. వాళ్ళ మూలపురుషుడు ఒక ఊరిని కాపాడమని దేవుడితో బేరమాడాడు. అతని మనవడైతే ఆ దేవుడితోనే తెల్లవార్లూ కుస్తీ పట్టాడు, దీవిస్తేగానీ వదలనన్నాడు. దీవెన దొరికింది గానీ ఆ కుస్తీలో తుంటి కీలు తప్పి కుంటుతూ వెళ్ళాడు.

"కుంటుతూనా?" అని నవ్వింది. నేను వచ్చాక అదే మొదటి నవ్వు. "అయితే ఆడు మావోడే. లెగు, సముద్రం కాడికి ఎల్దాం."

వదిన అడ్డం నిలబడింది. "రేపు పొద్దున్నే మిషను. ఎండలో పడిపోతే ఎవులు మోస్తారు?"

"పడితే లెగుస్తాను. లెగలేకపోతే అక్కడే కూకుంతాను. మిషను కోసం బతుకుతన్నానేటి? బతకడానికి మిషను."

దగ్గర్లోని బారువ తీరానికి వెళ్ళి రావడానికి ఆటోకి మూడు వందలు. చివరికి, ఎండ కాస్త తగ్గాక, వదిన కూడా గొడుగు పట్టుకుని ఎక్కింది. పొద్దు వాలుతోంది. పెద్దమ్మ నా భుజం పట్టుకుని తడి ఇసక దాకా నడిచి, అక్కడ నా చెయ్యి వదిలేసింది. సముద్రం చూస్తే చెప్పే మాట నా నాలుక మీద ఉంది, కానీ ఆవిడే ముందు అందుకుంది.

"ఒరే దేవుడా! ఇన్ని నీల్లు ఇక్కడ పోసి నాకు లెక్కెట్టి ఇస్తన్నావా? నా పాపమని నా సేత అనిపించలేవు. నాను అనను! ఇనబడతందా?"

వలలు సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఎవరూ నవ్వలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరిచి అరిచి అలసిపోయి పెద్దమ్మ ఇసకలో కూలబడి, నీళ్ళడిగింది. సీసాలో ఆ రోజుకి మిగిలింది ఒక్క గుక్కే. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసింది.

"ఈ గుక్కకి దండం" అంది. "మిగతా దానికి కాదు."

నోట్లో పోసుకుని చాలాసేపటికి గానీ మింగలేదు.

మర్నాడు ఆవిణ్ణి మిషను దగ్గర పడుకోబెట్టి నేను రైలెక్కాను. నేను ఆవిడకి ఓదార్పు తీసుకెళ్తున్నాననుకున్నాను. ఆవిడకి కావలసింది తలవంచకుండా మొక్కే దారి. కృతజ్ఞత అంటే అన్నిటికీ సరే అనడం కాదని బారువ ఒడ్డున తెలిసింది. అందినదానికి దండం పెట్టి, అందనిదాన్ని గట్టిగా అడగొచ్చు. రెండూ ఒకే నోటితో చెయ్యొచ్చు. ఇది మైల అనేవాళ్ళని, కర్మ అనేవాళ్ళని ఒక్కసారి ఉద్దానం వచ్చి ఆ మాటే మా పెద్దమ్మ ముందు అనమనండి.

మీరు అటు వెళ్ళి డయాలసిస్ మనిషిని చూడాలనుకుంటే ఒక జాగ్రత్త: కొబ్బరిబొండాలు, అరటిపళ్ళు పట్టుకెళ్ళకండి. అవి వాళ్ళ ఒంటికి పడవు. మిషను లేని రోజేదో ముందే కనుక్కుని, ఉత్తచేతులతో వెళ్ళి, సాయంత్రం దాకా ఉండండి.