ఆది జాకెట్

జహీరాబాద్ బజారులో ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్ప ఏ ఆడమనిషి ఒంటి మీదా టేపు పెట్టలేదు. మా దగ్గర ఆ పద్ధతి లేదు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చే రైతమ్మ అయినా, బస్టాండు వెనక ఉండే టీచరమ్మ అయినా, తనకు సరిగ్గా సరిపోయే పాత జాకెట్ ఒకటి కొత్త గుడ్డతోపాటు సంచిలో పెట్టి ఇస్తుంది. దాన్ని ఆది జాకెట్ అంటాం. బల్ల మీద పరిచి దాన్ని కొలిచి, ఆ కొలతలతో కొత్తది కత్తిరిస్తాను. మనిషిని చూడకుండానే ఆమె జాకెట్ కుట్టవచ్చు. అందులో ఒక సుఖం ఉంది. ఆది చేతిలో ఉంటే మనిషిని ఏమీ అడగనక్కరలేదు.

నా భార్య విషయంలో నేను చేసిన తప్పంతా ఆ సుఖంలో నుంచే వచ్చింది. ఇది రాస్తానని చెబితే రాయమంది. రాసిన దాకా చదివి ఒకచోట రెండు వాక్యాలు కొట్టేయించింది. అక్కడ ఆమెను మరీ పొగిడానట.

ఆమెది న్యాల్‌కల్ దగ్గర ఊరు. పుట్టింట్లో సగం కన్నడం మాట్లాడతారు. పెళ్లయి వచ్చిన నెలకే దుకాణంలో నా పక్కన కూర్చుని హుక్కులు, కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఆమె కాజా కుట్టిందంటే జాకెట్ చిరగవచ్చు గాని కాజా విడిపోదు.

ఆరేళ్ల కింద ఎడమ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఆమే కనిపెట్టింది. ఆమే వెళ్లి చూపించుకుంది. రిపోర్టు తెచ్చి నా మిషన్ మీద పెట్టి, "చదువు. జర మెల్లగ చదువు, గిరాకి కూసున్నరు" అంది. నేను మిషన్ ఆపేసి కూర్చున్నాను. ఆమె మాత్రం ఆ పూట ఒప్పుకున్న జాకెట్లన్నీ పూర్తి చేసింది.

హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు వెళ్లాం. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ అన్నీ విడమరచి చెప్పింది. రొమ్ము తీసేయక తప్పదు. తీశాక కుట్లు వేసి చదునుగా వదిలేయవచ్చు. లేదా లోపల సిలికాన్ ఇంప్లాంట్ పెట్టి ఆకారం తేవచ్చు. ఇష్టం మీదే అంది.

"ఏం పెట్టకున్రి మేడం. తీసి కుట్టెయ్యిన్రి. గా సంచి గించి నాకొద్దు" అంది నా భార్య.

నేనప్పుడు చేసిన పని ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. చేతిసంచిలో నుంచి ఆమె ఆది జాకెట్ తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడే మడిచి తెచ్చాను. "దీనికి సరిపోయేటట్టు చెయ్యిన్రి మేడం" అన్నాను.

డాక్టరమ్మ జాకెట్‌ను చూసింది, నన్ను చూసింది. "టైలరా మీరు?" అని నవ్వింది. "మేం కొలతలు మనిషి దగ్గర తీసుకుంటామండి." నా భార్య నవ్వలేదు. కింద గచ్చు చూస్తూ కూర్చుంది.

బయటికి వచ్చాక ఆమెను గోడ పక్కకు పిలిచాను. "టైలరు పెండ్లానికే జాకెట్ సక్కగ కూసోకుంటే మన దుకాన్‌కు ఎవరొస్తరు? నలుగురు నాలుగు తీర్ల అనరా?" అన్నాను. రోగం ఆమెది, కోత ఆమెది. ఆ నిమిషంలో నాకు గుర్తున్నది ఫిటింగ్.

"నీ దుకాన్ కోసం గదా. సరే, పెట్టించు" అని లోపలికి వెళ్లి సంతకం చేసింది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రోగం తిరగబెట్టలేదు. పాత ఆది మీదనే కొత్త జాకెట్లు కుట్టాను, అన్నీ సరిపోయాయి. చిరాగ్‌పల్లి నుంచి ఒకామె వస్తుంది. నోరు పెద్దది, ఎప్పుడూ తొందరే, ఏ జాకెట్ ఇచ్చినా రేపటికే కావాలంటుంది. ఆమె నా భార్యను కింది నుంచి మీది దాకా చూసి, "ఏమక్కా, నీకైతే గింత మంచిగ కుడ్తడు, మాకేమో సంకల పట్టేస్తది. మొగడు టైలరైతేనే ఫిటింగా?" అని దెప్పింది. నాకు లోపల గర్వంగా ఉండింది.

రెండో ఏడాది నుంచి మొదలైంది. "లోపట ఎవరో లంగా నాడా గుంజి కట్టినట్టున్నదయ్యా" అనేది. ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. తర్వాత కీళ్ల నొప్పులు, కళ్లు పొడిబారడం, పొద్దున లేస్తూనే అలసట. సూది వేళ్లలో నుంచి జారిపడేది. ఇస్త్రీ పెట్టె ఎత్తలేక నన్ను పిలిచేది. ఊళ్లో డాక్టర్ల దగ్గరికి వెళితే ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు వయసన్నారు. గోలీలు మారాయి, నొప్పి మారలేదు.

"గీ సంచి తోనే వచ్చింది. నా ఒళ్లు నాకు తెల్వదా?" అనేది.

"అంత నీ మనసుల ఉన్నది. ఫికర్ పెట్టుకోకు" అనేవాణ్ణి.

ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఆమె జాకెట్ ఎడమ పక్క సరిగా కూర్చోవడం మానేసింది. చంక కింద ముడతలు వచ్చాయి. రొమ్ము దగ్గర గుడ్డ ఒదగడానికి వేసే మడత కుట్టును మేం టక్కు అంటాం. ఎడమ టక్కు మొన ఉండాల్సిన చోట ఉండటం లేదు. లోపలిది గట్టిపడి, పైకి జరుగుతోంది. నేను ఏం చేశాను? ఆమెకు చెప్పకుండా ఎడమ టక్కును అర ఇంచు పైకి వేశాను. నాలుగైదు నెలలకు మళ్లీ అర ఇంచు. చంక దగ్గర లూజు వదిలాను. గట్టిదనం కనిపించకుండా మందపు లైనింగ్ వేశాను. అలా సవరించిన కొత్త జాకెట్ తొడుక్కుని ఆమె బయటికి వస్తే, రెండు పక్కలూ ఒక్కలాగే ఉండేవి. చూశావా, ఏమీ లేదు, అనేవాణ్ణి.

కొలత మారిందంటే ఒళ్లు మారినట్టు. పనిలో చేరిన మొదటి ఏడాదే తెలిసే విషయం ఇది. ఆమె మాట నిజమని, అది బయటపడటానికి రెండేళ్ల ముందే నా కత్తెరకు తెలుసు. నేను మాత్రం పగలు ఆమెతో అదంతా మనసేనని వాదిస్తూ, అదే పగలు ఆమె ఒంట్లో వచ్చిన మార్పును ఇంచుల్లో కొలుస్తూ కూర్చున్నాను. ఒప్పుకుంటే, పెట్టించింది నేనేనని కూడా ఒప్పుకోవాలి.

ఒక దసరా ముందర ఆమె ఇంట్లో బట్టలన్నీ సర్దింది. మధ్యాహ్నం అన్నం తిని దుకాణానికి వచ్చేసరికి నా కత్తిరించే బల్ల మీద ఆమె జాకెట్లు అయిదు, వరసగా, లోపలి పక్క బయటికి తిప్పి పరచి ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత కుట్టినవి, కుట్టిన వరసలోనే. ప్రతిదాని మీదా రెండు టక్కుల మొనల దగ్గరా సుద్దముక్కతో చుక్కలు పెట్టింది. ఎడమ పక్క అయిదు చుక్కలు మెట్లలాగా పైకి ఎక్కుతున్నాయి. కుడి పక్క చుక్కలు ఒకే గీత మీద ఉన్నాయి.

"ఇది చూడు" అంది.

చూశాను. తల ఎత్తలేదు.

"నీకు ఎర్క."

చివరి చుక్క మీద వేలు పెట్టాను.

"నీ చేతులకు ఎర్క, నీ కత్తెరకు ఎర్క. నాకే పిచ్చి అని చెప్పినవ్. రెండేండ్ల సంది నేనే నమ్మిన, నాకే ఏమో అయిందని." గొంతు పెంచలేదు. "ఎందుకు చెప్పలేదయ్యా?"

"భయమైంది" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆమె ఆ అయిదు జాకెట్లనూ వరస చెదరకుండా మడిచి సంచిలో పెట్టుకుంది. "పొద్దుగాల బస్సుకు దవాఖానకు పోత. వస్తవా, గిరాకి ఉన్నదా?" అంది.

బస్సులో సంచి నన్ను పట్టుకోనివ్వలేదు. హైదరాబాద్ దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

అదే డాక్టరమ్మ. నా భార్య నొప్పి గురించి ఒక్క మాటైనా చెప్పకముందే జాకెట్లు ఆమె బల్ల మీద పరిచింది. చుక్కలు చూపించింది, ఏది ఎప్పుడు కుట్టిందో చెప్పింది. ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇలా తెమ్మని ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ఎవరు చెప్తరు మేడం? కాజాలు కుట్టేదాన్ని. కుట్టు చదవొస్తది."

స్కానింగ్‌లో తేలింది. ఇంప్లాంట్ చుట్టూ ఒళ్లు కట్టుకున్న పొర గట్టిపడి, బిగుసుకుని, దాన్ని పైకి నెట్టింది. ఒకచోట చిరుగు కూడా ఉంది. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. బిగుతు, నొప్పి దీనివల్లే. కీళ్ల నొప్పులు, అలసట కూడా దీనివల్లేనని కచ్చితంగా చెప్పలేను, తీయించుకున్నాక కొందరికి తగ్గుతాయి, కొందరికి తగ్గవు అంది. దీన్ని తీసి కొత్తది పెట్టవచ్చు, లేదా తీసేసి వదిలేయవచ్చు అంది.

అలవాటు చొప్పున నేను నోరు తెరిచాను. నా భార్య నా వైపు తిరిగి చూసింది, అంతే. నోరు మూసుకున్నాను. పెళ్లయ్యాక నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

"పొరతోని సహా తీసెయ్యిన్రి. మల్ల ఏం పెట్టకున్రి" అంది ఆమె. మొదటిసారి వచ్చినప్పుడు అన్న మాటే.

ఆపరేషన్ రోజు పొద్దున, స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయే ముందు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఏదో ధైర్యం చెప్పమంటుందేమోనని వంగాను. "ఈసారి ఆది జాకెట్ తెచ్చినవా?" అంది. పక్కనున్న నర్సుకు అర్థం కాలేదు. నాకు నవ్వు రాలేదు. ఆమె మాత్రం నవ్వుతూనే లోపలికి వెళ్లింది. కోతకు వెళుతున్న మనిషి బయట కూర్చునేవాణ్ణి తేలికపరచాలని చూసిందని నాకు గంట తర్వాత గాని తట్టలేదు.

మెలకువ వచ్చాక ఆమె అన్న మొదటి మాట, "నాడా ఇప్పిన్రు."

బిగుతు ఆ రోజే పోయింది. మిగతావి అంత సులువుగా పోలేదు. అలసట నెలల మీద తగ్గింది. పొద్దున వేళ్లు పట్టేయడం ఇప్పటికీ ఉంది; వేడినీళ్లలో పెట్టుకుని, విదిలించుకుని, పనిలో కూర్చుంటుంది. ఇస్త్రీ పెట్టె మళ్లీ ఎత్తిన రోజు నన్ను పిలవలేదు. ఉతికిన గుడ్డల మీద ఆవిరి వాసన వస్తే తిరిగి చూశాను. ఎడమ చేత్తో గుడ్డ సరిచేస్తూ కుడిచేత్తో ఇస్త్రీ చేస్తోంది. నేను చూశానని తెలిసీ తల ఎత్తలేదు.

గాయం మానాక కొత్త జాకెట్ కావలసి వచ్చింది. పాత ఆది జాకెట్ మేకుకే వేలాడుతోంది. అలవాటుగా దాని మీదికి చేయి చాచాను.

"గది గిప్పుడు నాది కాదు" అంది. "టేపు పట్టు."

దుకాణం షట్టర్ సగం దించి, మొదటిసారి నా భార్య ఒంటి కొలత తీసుకున్నాను. కుడి పక్క ఒక అంకె, ఎడమ పక్క ఇంకో అంకె. టేపు ఎడమ వైపు మచ్చ మీది నుంచి పోతుంటే నా చేయి ఆగింది. "నొప్పి లేదు. సక్కగ కొల్వు" అంది. రెండు అంకెలూ ఆమె ఎదురుగానే రాసుకున్నాను.

గుడ్డ పరిచి, గీతలు గీసి, ఆలోచించకుండానే ఎడమ పక్క కూడా టక్కు గుర్తు పెట్టేశాను. ఇరవై ఆరేళ్ల అలవాటు. ఆమె పక్క నుంచి వేలు చాచి ఆ సుద్ద గీత తుడిచేసింది. నేను ఎడమ పక్క చదునుగా కత్తిరించాను. మందపు లైనింగ్ వేయలేదు. నేను కుట్టిన వాటిలో అంత సరిగ్గా కూర్చున్న జాకెట్ ఇంకొకటి గుర్తులేదు. పాత ఆదిని ఆమె నాలుగు ముక్కలు చేసి మిషన్‌కు నూనె తుడిచే గుడ్డల్లో కలిపేసింది.

మర్నాడు అదే తొడుక్కుని దుకాణంలో కూర్చుంది. కొంగు నడుముకు దోపుకుంది, ఎప్పటిలాగే. చిరాగ్‌పల్లి ఆమె వచ్చింది. సంచి బల్ల మీద పెడుతూ, రేపటికే కావాలని మొదలుపెట్టబోయి, ఆగిపోయింది. చూపు నా భార్య ఎడమ పక్కన నిలిచింది. నేను మిషన్ మీదికి ఇంకా వంగిపోయాను.

"ఏమైందక్కా? గీ పక్క..."

"లోపట పెట్టింది తీసేపిచ్చిన" అంది నా భార్య, కాజా కుడుతూనే. "మస్తు నొప్పుండె. ఇప్పుడు లేదు. నీ జాకెట్ ఎప్పటికి కావాలె?"

చిరాగ్‌పల్లి ఆమె సంచి మీది నుంచి చేయి తీసింది. తర్వాత ఆమె బల్ల ఇవతలికి వచ్చి నా భార్య భుజం మీద చేయి వేసింది. "తొందరేం లేదక్కా. నీకు చాతనైనప్పుడియ్యి" అంది.

ఇన్నేళ్లూ నేను భయపడింది ఈ మాటలకే. అవి అయిపోవడానికి సూదిలో దారం ఎక్కించేంత సేపు కూడా పట్టలేదు.